చిన్న క్లబ్బు జమాఖర్చులు

ఆటల సంగతి సాహిత్య పత్రికలో ఎందుకని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. నాటక సమాజాలు టిక్కెట్ల మీద ఎలా బతికాయి, గ్రంథాలయాలు ఎవరి చందాలతో నడిచాయి, చిన్న పత్రికలు ఎందుకు ఆగిపోయాయి అన్న ప్రశ్నలను మనం సాహిత్య ప్రశ్నలుగానే చర్చిస్తూ వచ్చాం. ఒక సాంస్కృతిక రూపం నిలవటానికి కావలసిన డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఆ డబ్బు తనతోబాటు ఏ షరతులు తెస్తుంది అని తెలుసుకోవటం ఆ రూపాన్ని అర్థం చేసుకోవటంలో భాగమే. ఇంగ్లండులో మిల్లు పట్నాల ఫుట్‌బాల్ క్లబ్బులు అటువంటి సాంస్కృతిక రూపాలు. జీతాలిచ్చి ఆటగాళ్ళను పెట్టుకునే ఈ చిన్న క్లబ్బులు పదేపదే దివాలా అంచుకు ఎందుకు వెళుతున్నాయి? వాటి జమాఖర్చుల్లో ఉన్న చిక్కు ఏమిటి? ఒక క్లబ్బును ఉదాహరణగా తీసుకుని ఈ విషయం పరిశీలిద్దాం.

1. మే నెలలో గెలుపు, ఆగస్టులో బహిష్కరణ

మాంచెస్టరుకు ఉత్తరాన సుమారు ఎనిమిది మైళ్ళ దూరంలో బెరీ అనే పట్నం ఉంది. నేత చరిత్ర తెలిసినవారికి ఆ ప్రాంతం కొత్త కాదు. మగ్గం మీద నాడెను ఒక చేత్తో విసిరి మరో చేత్తో అందుకునే పాత పద్ధతిని మార్చి, తాడు లాగితే నాడె పరుగెత్తే ఏర్పాటును 1733లో కనిపెట్టిన జాన్ కే ఆ ప్రాంతంవాడే. తరువాతి శతాబ్దంలో ఆ చుట్టుపక్కలంతా నూలు మిల్లులు లేచాయి. మిల్లుల్లో పనిచేసే స్త్రీలకూ పిల్లలకూ శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు పని ఆపాలని 1850 ఫాక్టరీ చట్టం నిర్దేశించింది. వాళ్ళు లేకుండా మిల్లు నడవదు కనుక క్రమంగా మగవాళ్ళకు కూడా ఆ పూట దొరికింది. ఫుట్‌బాల్‌కు ప్రేక్షకులను తయారు చేసింది ఆ శనివారపు మధ్యాహ్నమే.

బెరీ క్లబ్బు 1885లో పుట్టింది. ఆటగాళ్ళకు జీతాలివ్వటాన్ని ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం అంగీకరించింది కూడా ఆ ఏడాదే. మన కడప జిల్లాలో సురభి నాటక సమాజం మొదలైన సంవత్సరమూ అదే. 1888లో 12 క్లబ్బులు కలిసి ఫుట్‌బాల్ లీగ్‌ను ఏర్పాటు చేసుకున్నాయి. వాటిలో ఆరు లాంకషైరువే. ఆ లీగ్‌లో బెరీ 1894లో చేరింది. 1900లోను, 1903లోను ఎఫ్.ఏ. కప్పు గెలిచింది. రెండవసారి ఫైనల్లో ఆరు గోల్స్ చేసి, ఎదుటి జట్టుకు ఒక్కటీ ఇవ్వలేదు.

ఇంత చరిత్ర గల క్లబ్బు 2018–19లో నాలుగవ శ్రేణిలో ఆడుతూ రెండవ స్థానంలో నిలిచి, మూడవ శ్రేణికి ఎక్కింది. అంటే ఆట దృష్టితో చూస్తే ఆ సంవత్సరం విజయ సంవత్సరం. కాని ఆ విజయం సాధిస్తున్న రోజుల్లోనే ఆటగాళ్ళకూ సిబ్బందికీ జీతాలు సమయానికి అందటం లేదు. కొత్త సీజను మొదలైనప్పుడు, అప్పులు తీర్చగలమన్న ఆధారాలు చూపలేక బెరీ మొదటి మ్యాచ్‌లు ఆడలేకపోయింది. ఆగస్టు 27న కొనుగోలుదారు ఒకరు వెనక్కి తగ్గటంతో, లీగ్ ఆ క్లబ్బును సభ్యత్వం నుండి తొలగించింది. 125 ఏళ్ళ సభ్యత్వం ఆ రాత్రితో ముగిసింది. ఆ రోజు పగలంతా వందలాది మంది పట్నవాసులు శనివారం మ్యాచ్ జరుగుతుందన్న ఆశతో గిగ్ లేన్ మైదానంలో కుర్చీలు తుడుస్తూ, చెత్త ఎత్తుతూ ఉన్నారు.

ఈ పతనానికి సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. జనం రావటం మానేశారన్నది ఒకటి. యజమాని చెడ్డవాడన్నది రెండవది. మొదటిది నిజం కాదు. అట్టడుగు శ్రేణిలో కూడా ఆ ఏడాది సగటున సుమారు నాలుగు వేల మంది ఆటకు వచ్చారు. రెండవది కొంతవరకు నిజం కావచ్చు. కాని 2002లో కూడా ఇదే క్లబ్బు దివాలా పాలనలోకి వెళ్ళి, అభిమానుల విరాళాలతో బయటపడింది. అప్పటి యజమానులు వేరు. మనుషులు మారినా జబ్బు తిరగబెడుతున్నదంటే మూలం మరెక్కడో ఉందన్నమాట.

2. ఒక ఏడాది లెక్క

చిన్న పత్రిక నడిపినవారికి ఈ లెక్క తేలికగానే బోధపడుతుంది. చందాలు ఇంత, ప్రకటనలు ఇంత, కాగితం, అచ్చు, తపాలా ఇంత. క్లబ్బుకు చందాల స్థానంలో టిక్కెట్లున్నాయి. ప్రకటనల స్థానంలో ఊరి వ్యాపారులు మైదానం చుట్టూ కట్టించే బోర్డులు, చొక్కాల మీది పేర్లు ఉన్నాయి. లీగ్ ద్వారా వచ్చే టెలివిజన్ వాటా ఉంది. అప్పుడప్పుడు మంచి ఆటగాణ్ణి పెద్ద క్లబ్బుకు పంపినందుకు వచ్చే బదిలీ రుసుము ఉంది.

ఊహకు అందటం కోసం ఒక లెక్క వేద్దాం. 24 జట్లున్న శ్రేణిలో ఒక్కొక్క జట్టుకు సొంత మైదానంలో జరిగే లీగ్ మ్యాచ్‌లు 23. అంటే దుకాణం ఏడాదిలో తెరిచి ఉండేది 23 రోజులు. నాలుగు వేల మంది వచ్చి, పిల్లలకూ వృద్ధులకూ ఇచ్చే రాయితీలు పోను తలకు 15 పౌండ్లు మిగిలాయనుకుంటే, మొత్తం 13 లక్షల 80 వేల పౌండ్లు. ఇక ఖర్చు వైపు చూద్దాం. 25 మంది ఆటగాళ్ళకు వారానికి 1,500 పౌండ్ల చొప్పున ఇచ్చారనుకుంటే – పెద్ద క్లబ్బుల్లో ఇది ఎవరూ లెక్కలోకి తీసుకోని మొత్తం – సంవత్సరానికి 19 లక్షల 50 వేలు అవుతుంది. శిక్షకుడు, వైద్యుడు, గడ్డి చూసే మనిషి, టిక్కెట్టు గుమాస్తా, మైదానంలో కాపలాకు వచ్చే పోలీసులకు కట్టవలసిన సొమ్ము, దూరపు ఊళ్ళకు బస్సు, దీపాల కరెంటు ఇంకా చేరనే లేదు. మిగిలిన 342 రోజులు ఖాళీగా పడి ఉన్నా, మైదానం మరమ్మతులు అడుగుతూనే ఉంటుంది.

అయితే జీతాలు తగ్గించుకోరాదా? ఇక్కడే చిన్న పత్రికతో పోలిక తెగిపోతుంది. డబ్బు తక్కువైతే పత్రిక 64 పేజీలకు బదులు 48 పేజీలు వేస్తుంది, రెండు నెలల సంచికలు కలిపి ఒకటిగా తెస్తుంది. పాఠకులు అర్థం చేసుకుంటారు. క్లబ్బు ఎనిమిది మందితో ఆడలేదు. తక్కువ జీతానికి దొరికే పదకొండు మందితో ఆడితే ఓడుతుంది. ఓడితే కింది శ్రేణికి దిగుతుంది. అక్కడ వసూళ్ళూ తగ్గుతాయి, టెలివిజన్ వాటా కూడా తగ్గుతుంది. పొదుపు చెయ్యటం వల్లనే ఆదాయం పడిపోయే వ్యాపారం ఇది.

3. ఎదుటివాని ఆదాయం, మన ఖర్చు

మరొక విశేషం కూడా గమనించాలి. సురభివారు నాటకం వెయ్యటానికి మరో నాటక సమాజం రంగస్థలం మీదికి రానక్కరలేదు. పక్క సమాజం మూతబడితే వీరికి ప్రేక్షకులు పెరగవచ్చు కూడా. ఫుట్‌బాల్‌లో అలా కాదు. ఎదుటి జట్టు లేనిదే ఆటే లేదు. పైగా ఎదుటి జట్టు మరీ బలహీనమైనదైతే చూసేవారుండరు. వృత్తి క్రీడల్లోని ఈ విచిత్ర లక్షణాన్ని వాల్టర్ నీల్ అనే ఆర్థికవేత్త 1964లోనే ఒక వ్యాసంలో విశ్లేషించాడు. ప్రత్యర్థిని నాశనం చేసుకుంటే తన సరుకే నాశనమవుతుందన్నది ఆయన వాదన సారాంశం.

దీనినుంచి ఒక ముఖ్యమైన సూత్రం వస్తుంది. మామూలు దుకాణం తన ఖర్చును తన ఆదాయాన్ని బట్టి నిర్ణయించుకుంటుంది. లీగ్‌లో ఆడే క్లబ్బు ఖర్చును నిర్ణయించేది దాని ఆదాయం కాదు, అది పోటీపడే క్లబ్బుల ఆదాయం. పక్క ఊరి క్లబ్బుకు ఎక్కడినుంచో డబ్బు వచ్చి, అది ఆటగాళ్ళకు రెట్టింపు జీతం ఇవ్వగలిగితే, మన ఊళ్ళో ఒక్క ప్రేక్షకుడు పెరగకపోయినా మన ఖర్చు పెరిగిపోతుంది. ఎక్కే స్థానాలు మూడు నాలుగే. ఎక్కాలని ఖర్చు చేసేవాళ్ళు పది పదిహేను మంది. ఎక్కినవాళ్ళకు ఆ ఖర్చు పెట్టుబడి, మిగిలినవాళ్ళకు అప్పు. ఎవరు ఎక్కినా మొత్తం మీద ఆ శ్రేణిలో అప్పులు పెరిగి తీరుతాయి. రెండవ శ్రేణి క్లబ్బులు కొన్ని సంవత్సరాల్లో తమ మొత్తం ఆదాయాన్ని మించి జీతాలకే ఖర్చు పెట్టాయంటే, ఆ క్లబ్బుల నిర్వాహకులకు కూడికలు రావని అనుకోరాదు. విడివిడిగా ప్రతి ఒక్కరూ తెలివిగానే లెక్క వేస్తున్నారు. అందరి తెలివీ కలిసి దివాలాగా పరిణమిస్తున్నది.

4. పంపకం ఎలా తగ్గింది

ఈ ప్రమాదం పాతకాలపు నిర్వాహకులకు తెలియనిది కాదు. అందుకే లీగ్ మూడు కట్టుబాట్లు పెట్టుకుంది. మొదటిది, జీతాల మీద గరిష్ఠ పరిమితి. 1901లో వారానికి 4 పౌండ్లుగా మొదలై 1961 నాటికి 20 పౌండ్లకు చేరింది. రెండవది, ఒప్పందం ముగిసినా క్లబ్బు అనుమతి లేనిదే ఆటగాడు మరో క్లబ్బుకు పోరాదన్న నియమం. మూడవది, ఆదాయం పంపకం. లీగ్ మ్యాచ్‌లలో గేటు వసూళ్ళలో అయిదో వంతు వచ్చిన జట్టుకు ఇచ్చేవారు. తరువాత టెలివిజన్ డబ్బు వచ్చినప్పుడు దాన్ని మొత్తం 92 క్లబ్బులకు సమానంగా పంచారు.

ఈ పాత వ్యవస్థను తలచుకుని నిట్టూర్చేవారు ఇంగ్లండులో చాలామంది ఉన్నారు. వారి నిట్టూర్పును మనం యథాతథంగా తీసుకోనక్కరలేదు. మొదటి రెండు కట్టుబాట్లు ఆటగాని మెడకు కట్టినవి. వేలాది మంది టిక్కెట్టు కొని చూసే మనిషి వారానికి 20 పౌండ్లకు మించి అడగరాదు, పని మానుకునే స్వేచ్ఛ కూడా ఉండరాదు. అంటే చిన్న క్లబ్బుల భద్రతకు ఖరీదు చెల్లించింది పెద్ద క్లబ్బుల యజమానులు కాదు, ఆటగాళ్ళు. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ళ సంఘం సమ్మెకు సిద్ధపడిన మీదట 1961 జనవరిలో జీతాల పరిమితి పోయింది. జార్జి ఈస్టుహాం వేసిన దావాలో 1963లో న్యాయస్థానం ఆటగాణ్ణి పట్టి ఉంచే నియమాన్ని తప్పుపట్టింది. ఈ రెండూ న్యాయమైన మార్పులు. 1962 మార్చిలో ఆక్రింగ్టన్ స్టాన్లీ అనే లాంకషైరు క్లబ్బు అప్పులు మోయలేక లీగ్‌కు రాజీనామా చేసినప్పుడు, ఆటగాళ్ళ జీతాలే కారణమన్నవారు లేకపోలేదు. కాని జీతాలు పెరిగినప్పుడు చెయ్యవలసిన పని పంపకాన్ని పెంచటం. జరిగింది దానికి విరుద్ధం.

1983లో గేటు వసూళ్ళ పంపకం ఎత్తేశారు. ఎవరి మైదానం వసూళ్ళు వారివే అన్నారు. అరవై వేల మంది పట్టే మైదానం ఉన్నవాడికి ఈ సూత్రం ఎంత మధురంగా వినిపించి ఉంటుందో చెప్పనక్కరలేదు. ఆ ఏడాదే టాటెన్‌హాం క్లబ్బు స్టాకు మార్కెట్టుకెక్కింది. డివిడెండ్ల మీద, డైరెక్టర్ల జీతాల మీద ఫుట్‌బాల్ సంఘం పెట్టిన పాత ఆంక్షలు క్లబ్బుకు వర్తిస్తాయి కనుక, క్లబ్బుకు పైన మరో కంపెనీని నిలబెట్టారు. ఆంక్ష రద్దు కాలేదు, దానికి పని లేకుండా పోయింది. 1985 చివర్లో టెలివిజన్ డబ్బులో సగం మొదటి డివిజన్‌కే చెందాలని పెద్ద క్లబ్బులు పట్టుబట్టి సాధించుకున్నాయి. 1992లో ఆ డివిజన్‌లోని 22 క్లబ్బులు లీగ్ నుండే విడిపోయి ప్రీమియర్ లీగ్‌గా ఏర్పడి, టెలివిజన్ ఒప్పందం తమకు తామే చేసుకున్నాయి. ఇటీవలి సంవత్సరాల్లో ఆ లీగ్‌లో చిట్టచివర నిలిచి కిందికి దిగిన క్లబ్బుకు కూడా లీగ్ నుండి ఏడాదికి 10 కోట్ల పౌండ్లకు పైగా వచ్చింది. రెండు శ్రేణులు కిందనున్న క్లబ్బుకు వచ్చేది అందులో అతి స్వల్పమైన భాగం. పైనుంచి దిగినవారికి దెబ్బ తగలకుండా మరికొన్నేళ్ళు ప్రత్యేక చెల్లింపులు కూడా చేస్తారు. దానితో రెండవ శ్రేణిలో కూడా కొందరి సంచీ నిండుగా, కొందరిది ఖాళీగా ఉంటుంది.

మిగిలిన 72 క్లబ్బులు తమ వంతు టెలివిజన్ ఒప్పందం కోసం 2000లో ఐటీవీ డిజిటల్ అనే సంస్థను నమ్ముకున్నాయి. మూడేళ్ళకు 31 కోట్ల 50 లక్షల పౌండ్లన్నారు. ఆ డబ్బు వస్తుందన్న ధైర్యంతో క్లబ్బులు ఆటగాళ్ళతో ఒప్పందాలు రాసుకున్నాయి. 2002లో ఆ సంస్థ కూలిపోయింది. రావలసిన సొమ్ములో సగానికి పైగా రానే లేదు. జీతాల ఒప్పందాలు మాత్రం మిగిలాయి. బెరీతో సహా అనేక క్లబ్బులు ఆ రోజుల్లోనే దివాలా గుమ్మం తొక్కాయి.

చిన్న క్లబ్బు చేతిలో మిగిలిన మరో ఆధారం తన నేల మీద ఆటగాళ్ళను తయారు చేసి అమ్ముకోవటం. 1995లో బోస్మన్ అనే బెల్జియం ఆటగాని కేసులో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో ఒప్పందం ముగిసిన ఆటగాడు రుసుము లేకుండా వెళ్ళగలిగాడు. శ్రామికుని హక్కుగా అదీ న్యాయమే. కాని 2012లో అమలులోకి వచ్చిన మరో పథకాన్ని న్యాయమనటం కష్టం. దాని ప్రకారం చిన్న క్లబ్బు పెంచిన పసివాళ్ళను పెద్ద క్లబ్బు ముందే నిర్ణయించిన కొద్ది పరిహారం ఇచ్చి తీసుకుపోవచ్చు. ఇందులో పిల్లవాని స్వేచ్ఛ పెరిగింది తక్కువ, పెద్ద క్లబ్బు కొనుగోలు ఖర్చు తగ్గింది ఎక్కువ.

5. యజమాని అప్పు

ఆదాయానికీ ఖర్చుకూ మధ్య మిగిలిన గుంటను పూడ్చేదెవరు? యజమాని. ఇంగ్లండు చిన్న క్లబ్బుల చరిత్రలో గత నలభై ఏళ్ళ కీలకం ఇక్కడే ఉంది. పాత రోజుల్లో ఊరి మిల్లు యజమానో, మాంసం వ్యాపారో డైరెక్టరుగా ఉండి అప్పుడప్పుడు జేబులోనుంచి తీసి ఇచ్చేవాడు. అతడు ఉదారుడని పొగడనక్కరలేదు. ఊళ్ళో అతని పరపతికి అది ఒక పెట్టుబడి. కాని గుంట చిన్నది. ఇప్పుడు గుంట పెద్దదైంది, దాన్ని పూడ్చే డబ్బు ఇనాంగా కాక అప్పుగా వస్తున్నది.

బెరీలో జరిగింది ఇదే. 2013లో స్టూవర్ట్ డే అనే ఆస్తుల వ్యాపారి క్లబ్బును తీసుకున్నాడు. క్లబ్బు తన ఆదాయంతో మోయలేని జట్టును తన కంపెనీల అప్పులతో నిలబెట్టాడు. నాలుగవ శ్రేణి జట్ల జీతాల మీద లీగ్ ఒక పరిమితి పెట్టింది, ఆటగాళ్ళ ఖర్చు రాబడిలో సగం దాటరాదు అని. అయితే యజమాని వేసే వాటా మూలధనాన్ని, విరాళాన్ని కూడా రాబడి కిందే లెక్కించే వీలుండేది. ఆ కిటికీ తెరిచి ఉన్నంతకాలం తలుపు మూసి ప్రయోజనం లేదు. గిగ్ లేన్ మైదానం తాకట్టులోకి వెళ్ళింది. యజమాని ఇతర వ్యాపారం కుంగినప్పుడు, దానితో ఏ సంబంధమూ లేని గోల్ పోస్టులు కూడా కుంగాయి. 2018 డిసెంబరులో స్టీవ్ డేల్ అనే మరో వ్యాపారి క్లబ్బును ఒక్క పౌండుకు కొన్నాడు. పుస్తకం ఖరీదు కంటె తక్కువకు క్లబ్బు చేతులు మారిందంటే, అందులో అమ్మకానికి ఉన్నవి అప్పులేనని అర్థం. అతని దగ్గర నిధులున్నాయా అన్న ఆధారాలను లీగ్ కొనుగోలు ముగిసిన తరువాత అడగటం మొదలుపెట్టి, నెలల తరబడి అడుగుతూనే ఉండిపోయింది.

2019 జూలైలో అప్పులవాళ్ళతో ఒక రాజీ కుదిరింది. దాని షరతులు చదివితే ఈ వ్యవస్థలో ఎవరి స్థానం ఎక్కడో తెలుస్తుంది. లీగ్ నియమం ప్రకారం ఆటగాళ్ళకు, ఇతర క్లబ్బులకు ఇవ్వవలసింది పూర్తిగా ఇవ్వాలి. పన్నుల శాఖతో సహా పూచీ లేని మిగిలిన అప్పులవాళ్ళకు పౌండుకు పావు వంతు. ఊళ్ళో పనిచేసిపెట్టిన చిన్న వ్యాపారి, సరుకు అరువిచ్చిన దుకాణదారు ఈ చివరి వరసలోనే నిలబడతారు. తాకట్టు ఉన్న అప్పు మాత్రం ఈ రాజీకి బయట, క్షేమంగా ఉంటుంది. శిక్షగా లీగ్ ఆ క్లబ్బుకు 12 పాయింట్లు కోసింది. అంటే అప్పు చేసినవారెవరైనా, మైదానంలో శిక్ష అనుభవించవలసింది జట్టు.

ఈ మొత్తం వ్యవహారంలో మైదానం, పేరు, నూరేళ్ళ జ్ఞాపకం – ఇవి తరతరాల ప్రేక్షకులు తమ టిక్కెట్ల డబ్బుతో, తమ శనివారాలతో తయారు చేసినవి. చట్టం దృష్టిలో అవి వాటాలు కొన్నవాడి ఆస్తి. వాటిని తాకట్టు పెట్టగలిగినవాడు వాటిని తయారు చేసినవాడు కాదు. ఈ సమస్యలోని ప్రధాన వైరుధ్యం ఇదే.

6. ప్రత్యామ్నాయాలు, వాటి పరిమితులు

దీనికి సమాధానంగా అభిమానులే క్లబ్బును నడుపుకునే ప్రయత్నాలు జరిగాయి. లండనులోని వింబుల్డన్ క్లబ్బును మరో పట్నానికి తరలించటానికి 2002లో అనుమతి ఇచ్చినప్పుడు, అభిమానులు అదే ఏడాది కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. అట్టడుగు నుంచి ఎక్కుతూ 2011లో లీగ్‌లోకి తిరిగి వచ్చారు. 2020లో తమ పాత పేటలోనే మైదానం కట్టుకున్నారు. దానికి కొంత సొమ్మును అభిమానులే అప్పుగా ఇచ్చారు. ఎక్సిటర్ సిటీ 2003 నుండి అభిమానుల సంఘం చేతుల్లో ఉంది. అక్కడ పెరిగిన ఆలీ వాట్కిన్స్‌ను 2017లో అమ్మినప్పుడు, మళ్ళీ అమ్మితే అందులో తమకు భాగం ఉండాలని ఒప్పందంలో రాయించారు. 2020లో అతన్ని ఆస్టన్ విల్లా పెద్ద మొత్తానికి కొన్నప్పుడు ఆ భాగం చిన్న క్లబ్బుకు ఊపిరి పోసింది.

ఇవి గౌరవించవలసిన విజయాలే. కాని వీటిని పూర్తి పరిష్కారమనుకుంటే మనల్ని మనం మభ్యపెట్టుకున్నట్టే. యాజమాన్యం మారినా ఆ క్లబ్బు ఆడేది అదే లీగ్‌లో. జీతాల ధరను అక్కడ కూడా ఎదుటివాని ఆదాయమే నిర్ణయిస్తుంది. అభిమానుల క్లబ్బు అప్పు చెయ్యదు. కనుక మెట్టు ఎక్కే అవకాశాన్ని చాలాసార్లు వదులుకోవలసి వస్తుంది. నిజాయితీకి చెల్లించే ఖరీదు అది.

ప్రభుత్వం వైపునుంచి 2021లో ట్రేసీ క్రౌచ్ అధ్యక్షతన ఒక సమీక్ష జరిగింది. దాని సూచనలు ఆధారంగా 2025 జూలైలో ఫుట్‌బాల్ పాలన చట్టం వచ్చి, స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. క్లబ్బుకు లైసెన్సు, కొనేవాడి నిధుల పరిశీలన, మైదానం అమ్మకం మీద అదుపు, పై లీగ్‌కూ కింది లీగ్‌కూ మధ్య డబ్బు పంపకం తెగనప్పుడు జోక్యం చేసుకునే అధికారం – ఇవి అందులో ముఖ్యాంశాలు. ఈ నాలుగింటిలో మొదటి మూడు చెడ్డ యజమానిని ఆపుతాయి. మంచి యజమానిని కూడా అప్పులోకి నెట్టే కారణం నాలుగవదానిలో ఉంది. చట్టం విలువ దాని మీదనే తేలుతుంది.

7. హైదరాబాదు మాట

మనకు ఈ కథ పూర్తిగా పరాయిది కాదు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు వెనుక ఉన్న ఆర్థిక సూత్రం వేరు. ఆటగాడు శాఖలో ఉద్యోగి. గెలిచినా ఓడినా అతని జీతం గేటు వసూళ్ళ మీద ఆధారపడలేదు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినప్పుడు శిక్షకుడు ఆయనే. ఆ విధానానికి దాని పరిమితులు దానికున్నాయి. శాఖ శ్రద్ధ తగ్గితే జట్టూ తగ్గుతుంది. కాని ఎవరి ఇతర వ్యాపారమో మునిగితే ఆట మునిగే ప్రమాదం అందులో లేదు.

2019లో, మూతబడిన పూనా క్లబ్బు స్థానంలో హైదరాబాదు ఎఫ్.సి. ఏర్పడింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. మరుసటి ఏడాదే జీతాలు అందక 2023–24లో ఆటగాళ్ళు ఒక్కరొక్కరే విడిచిపోయారు. జట్టు పట్టికలో చిట్టచివరికి చేరింది. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. బెరీకి ఎక్కి దిగే మెట్ల జూదం ఉంది. ఇక్కడి లీగ్‌లో అప్పటికి దిగటమన్నది లేదు. అయినా ఫలితం అదే అయిందంటే, టిక్కెట్టు రాబడి కంటె ఎన్నో రెట్లు ఖర్చయ్యే జట్టును యజమాని జేబు మీద నిలబెట్టటమే అసలు బలహీనత అని తేలుతున్నది. ఒక తేడా మాత్రం ఉంది. బెరీ పోయిన రోజున కుర్చీలు తుడవటానికి ఊరు వచ్చింది. ఆరేళ్ళ వయసున్న క్లబ్బుకు అంత ఊరు ఏర్పడే వ్యవధి దొరకలేదు. ఒకప్పుడు ఫుట్‌బాల్ రాజధాని అనిపించుకున్న నగరం నుండి ఒక విజేత జట్టు అంత నిశ్శబ్దంగా వెళ్ళిపోవటానికి కారణం అదే.

8. రచయితలకు సంబంధించిన విషయం

అప్పుల కథలు మన సాహిత్యానికి కొత్త కాదు. వడ్డీవ్యాపారిని క్రూరుడిగా చిత్రించి ఊరుకున్న కథకూ, అతడు మంచివాడైనా ఆ రైతు భూమి ఎందుకు నిలవదో చూపిన కథకూ తేడా మన విమర్శకులు ఎన్నోసార్లు చెప్పారు. ఆటల గురించి రాసేటప్పుడు మాత్రం ఈ తేడాను మరిచిపోతుంటాం. గోల్ కొట్టినవాడి వీరగాథో, క్లబ్బును ముంచినవాడి దుర్మార్గమో రాసి ఊరుకుంటాం. ఆ రెండింటికీ మధ్య జమాఖర్చుల పుస్తకం ఒకటి ఉంది. అందులోని అంకెలకు కూడా మనుషులున్నారు – మూడు నెలల జీతం రాక ఇంటి అద్దె కట్టలేకపోయిన మూడవ శ్రేణి ఆటగాడు, పౌండుకు పావు వంతు తీసుకుని నోరు మూసుకున్న దుకాణదారు, వచ్చే ఏడాదికి టిక్కెట్టు ముందే కొని ఒక్క మ్యాచ్ కూడా చూడని ముసలివాడు.

2022లో ప్రభుత్వ నిధినుంచి వచ్చిన 10 లక్షల పౌండ్లు, పట్టణ కౌన్సిలు సాయం, దాతల సొమ్ము కలిపి బెరీ అభిమానులు గిగ్ లేన్‌ను తిరిగి కొనుక్కున్నారు. 2023–24లో పాత పేరుతోనే తొమ్మిదవ శ్రేణిలో ఆట మొదలుపెట్టారు. 2025లో ఒక మెట్టు ఎక్కారు. పైకి వెళ్ళేకొద్దీ ఎదుటివాని ఆదాయం పెరుగుతూ ఉంటుంది, పాత ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది. ఈసారి మైదానం తాకట్టులో లేదు. క్లబ్బును ఎంతవరకు ఎక్కించాలో నిర్ణయించేటప్పుడు ఆ ఒక్క విషయాన్ని వాళ్ళు మరిచిపోకుండా ఉంటే, 2019 ఆగస్టు నేర్పిన పాఠం వృథా కానట్టే.